పాటకూ ఓనమాలున్నాయి

కంబదూరు చుట్టుపక్కల పల్లెల్లో వానకు కరువు గాని పాటకు కరువు లేదు. శెనక్కాయలు ఒలిచేటప్పుడు ఆడవాళ్లు పాడతారు. రాములవారి గుడి ముందు చెక్క భజన చేస్తారు. జాతరలో ఉరుములు మోగుతాయి. పెళ్లి జరిగితే డోలు, సన్నాయి వుండాల్సిందే. ఈ పాటలు చాలామంది బళ్లో నేర్చుకున్నవి కావు. అమ్మ పాడితే కూతురు విని నేర్చుకుంది. తండ్రి వాయిస్తే కొడుకు చూసి నేర్చుకున్నాడు.

అలాంటి ఇంట్లో ఒక అమ్మాయి పదో తరగతి పాసయ్యిందనుకుందాం. అమ్మాయికి మంచి గొంతు వుంది. బళ్లో ప్రార్థన పాట తనే పాడేది. "ఇంక ఏం చదువుతావు పాపా?" అని అడిగితే "సంగీతం చదువుతా" అంటుంది.

ఇంట్లో అందరూ నవ్వుతారు. "పాడేదానికి కాలేజీ ఏంటికి? నోరుంటే సాలదా?" అంటుంది అవ్వ. "దాంతో కడుపు నిండుతాదా?" అంటాడు నాయన.

రెండూ నవ్వి వదిలేసే ప్రశ్నలు కావు. రెండింటికీ జవాబు చెప్పాలి. అవ్వ ప్రశ్నకు జవాబు సులభం. నాయన ప్రశ్నకు జవాబు కొంచెం కష్టం.

రాళ్లపల్లి పిల్లవాడు

అవ్వ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ దూరం పోనక్కరలేదు. కంబదూరు మండలంలోనే రాళ్లపల్లి అనే వూరు వుంది. 1893 జనవరి 23న ఆ వూళ్లో ఒక పిల్లవాడు పుట్టాడు. పేరు అనంతకృష్ణశర్మ. తండ్రి కృష్ణమాచార్యులు చదువుకున్న పండితుడు. తల్లి అలమేలు మంగమ్మ పాటలు బాగా పాడేది. పిల్లవాడు ఆ పాటలు వింటూ పెరిగాడు. అంటే అతనూ మొదట అందరిలాగే అమ్మ నోట విని నేర్చుకున్నవాడే.

చిన్నతనంలోనే అతను చదువు కోసం మైసూరు వెళ్లాడు. అక్కడ పరకాల మఠంలో సంస్కృతం చదివాడు. మైసూరులో బిడారం కృష్ణప్ప అనే గొప్ప పాటగాడు వుండేవాడు. ఆయన దగ్గర సంగీతం నేర్చుకున్నాడు. 1912లో మైసూరు మహారాజా కాలేజీలో తెలుగు పండితుడి వుద్యోగం వచ్చింది. అప్పటికి వయసు 19 ఏళ్లు. ఆ వుద్యోగం వచ్చేటట్టు చూసినవారు కట్టమంచి రామలింగారెడ్డి. అనంతకృష్ణశర్మగారు ఆ కాలేజీలో దాదాపు 38 ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆయనకు నెల జీతం తెచ్చింది తెలుగు పాఠం. సంగీతం దాని పక్కనే నడిచింది. నాయన ప్రశ్న దగ్గరికి వచ్చినప్పుడు ఈ సంగతి పనికొస్తుంది.

మైసూరులో వుద్యోగం ముగిశాక ఆయన తిరుపతి చేరారు. అక్కడ చేసిన పని వల్లనే తెలుగువాళ్లు ఆయన్ను ఎక్కువగా తలుచుకుంటారు. అదేమిటో చూడండి.

రాగం పేరు వుంది, రాగం లేదు

అన్నమయ్య 15వ శతాబ్దంవాడు. వెంకటేశ్వరస్వామి మీద వేల పాటలు కట్టాడు. ఆ పాటలను రాగి రేకుల మీద చెక్కించి తిరుమల గుళ్లో ఒక చిన్న రాతి గదిలో దాచారు. తర్వాత వందల ఏళ్లు వాటిని పట్టించుకున్నవాళ్లు లేరు. 20వ శతాబ్దంలో ఆ రేకులను బయటికి తీశారు. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, మరి కొందరు పండితులు వాటిని చదివి పుస్తకాలుగా వేయించారు. 1950లో ప్రభాకరశాస్త్రిగారు చనిపోయారు. ఆ పనిని రాళ్లపల్లివారు అందుకున్నారు.

రేకు మీద పాట మాటలు వున్నాయి. పాట పైన రాగం పేరు కూడా వుంది. కాని ఏ మాటను ఎంత పైకి పాడాలి, ఎక్కడ సాగదీయాలి, ఎక్కడ దించాలి అనేది లేదు. అది రాయలేదు. పాడినవాళ్లు పోయారు. వాళ్లతో పాటే ఆ పాడే తీరు కూడా పోయింది. ఇంటి పత్రం వుంది గాని ఇల్లు కూలిపోయినట్టు అయ్యింది.

రాళ్లపల్లివారు నూరుకు పైగా పాటలకు కొత్తగా వరుసలు కట్టారు. ఈసారి మాత్రం ఆ వరుసలను కాగితం మీద స్వరాలతో సహా రాసిపెట్టారు. ఆ పుస్తకం చూసి రాళ్లపల్లివారిని ఎప్పుడూ చూడనివాళ్లు కూడా ఆ పాటలు పాడగలిగారు. 1974లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు 'సంగీత కళానిధి' అనే బిరుదు ఇచ్చింది. కర్ణాటక సంగీతంలో అది చాలా పెద్ద గౌరవం. ఆయన 1979లో చనిపోయారు. ఆయన రాసిన స్వరాలు మిగిలాయి.

అవ్వ ప్రశ్నకు ఇదే జవాబు. పాడటానికి నోరు చాలు. కాని పాటను రాయటానికి, రాసినదాన్ని చదివి పాడటానికి నోరు చాలదు. దానికి వేరే అక్షరాలు నేర్చుకోవాలి. సంగీత కాలేజీ నేర్పేది ముఖ్యంగా దాన్నే.

గుణింతం వస్తే సగం వచ్చినట్టే

సంగీతం అక్షరాలు ఏడు. స, రి, గ, మ, ప, ద, ని. వీటిని స్వరాలు అంటారు. 'స' నుంచి 'ని' దాకా గొంతు మెట్టు మెట్టుగా పైకి ఎక్కుతుంది. ఆ తర్వాత మళ్లీ 'స' వస్తుంది. కాని అది పై 'స'. మిద్దె ఎక్కి నిల్చున్నట్టు వుంటుంది. పై స్వరాన్ని రాసేటప్పుడు అక్షరం పైన ఒక చుక్క పెడతారు. కింది స్వరమైతే అక్షరం కింద చుక్క పెడతారు.

ఇంకో తమాషా వుంది. గుణింతం నేర్చుకున్నవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. 'స' అని రాస్తే ఒక లెక్క సేపు పాడాలి. 'సా' అని దీర్ఘం పెడితే రెండు లెక్కల సేపు పాడాలి. 'రి' ఒకటి, 'రీ' రెండు. ఇంకా సాగదీయాలంటే పక్కన కామా పెడతారు. ఒక కామా ఇంకొక లెక్క. అక్షరాస్యత తరగతిలో "దీర్ఘం వుంటే లాగి పలకండి" అని చెప్పిన మాటే ఇక్కడా పనిచేస్తుంది.

లెక్క అంటే ఏమిటి? దాన్ని చేత్తో వేస్తారు. అదే తాళం. ఎక్కువ పాటలకు ఆది తాళం వుంటుంది. దానికి ఎనిమిది లెక్కలు. కుడి చేత్తో తొడ మీద ఒక దెబ్బ వేయండి. తర్వాత చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు వరసగా ఆనించండి. నాలుగు అయ్యాయి. ఇప్పుడు ఒక దెబ్బ వేసి చెయ్యి వెల్లకిలా తిప్పండి. మళ్లీ ఒక దెబ్బ, మళ్లీ తిప్పండి. ఎనిమిది అయ్యాయి. చెక్క భజన చేసేవాళ్లకు ఇది చూడగానే పట్టుబడుతుంది. వాళ్ల కాళ్లకు, చేతులకు లెక్క ముందే తెలుసు. లెక్కకు పేరు తెలియదు, అంతే.

మొదటి పాఠాన్ని సరళి వరుసలు అంటారు. స రి గ మ ప ద ని అని పైకి వెళ్లాలి. అలాగే కిందికి దిగాలి. ముందు నిదానంగా పాడాలి. తర్వాత రెండింతలు వేగంగా, ఆపైన నాలుగింతలు వేగంగా పాడాలి. చేతి తాళం మాత్రం మారకూడదు. ఇది చెప్పినంత సులభం కాదు. మూడో వేగంలో చాలామంది చెయ్యి తప్పిపోతుంది. ఈ మొదటి పాఠాలన్నీ మాయామాళవగౌళ అనే రాగంలో వుంటాయి. ఈ పద్ధతి పెట్టింది పురందరదాసు అని చెబుతారు. ఆయన కన్నడంలో పాటలు కట్టిన హరిదాసు, 16వ శతాబ్దంవాడు. అప్పటి నుంచి ఇప్పటి దాకా పలక మీద 'అ, ఆ' దిద్దినట్టు అందరూ దీన్నే దిద్దుతున్నారు.

సరళి వరుసల తర్వాత జంట వరుసలు, అలంకారాలు వస్తాయి. తర్వాత గీతాలు. అంటే చిన్న పాటలు. ఆ తర్వాత వర్ణాలు, కీర్తనలు. త్యాగయ్య కీర్తన పాడే దాకా రావాలంటే ఏళ్లు పడుతుంది. ఇక్కడే చాలామంది పిల్లలు మానేస్తారు. సినిమా పాట పాడదామని వచ్చిన పిల్లకు ఆరు నెలలు 'స రి గ మ' అంటే విసుగు పుడుతుంది. ఆ విసుగు దాటినవాళ్లే మిగులుతారు.

పది తర్వాత ఎక్కడ చదవాలి?

ఇంటర్మీడియట్ కాలేజీకి పోయి సంగీతం గ్రూపు అడిగితే పల్లెల్లో దొరకదు. ఇంగ్లండు దేశంలో వేరే పద్ధతి వుంది. అక్కడ 16 ఏళ్ల నుంచి 18 ఏళ్ల పిల్లలు లెక్కలు, చరిత్ర లాగే సంగీతాన్ని ఒక సబ్జెక్టుగా తీసుకోవచ్చు. రెండేళ్లు చదువుతారు. వాయించి చూపాలి, సొంతంగా ఒక వరుస కట్టి ఇవ్వాలి, సంగీతం విని దాని గురించి పరీక్షలో రాయాలి. మన దగ్గర పిల్లలు సొంతంగా వరుస కట్టటం చాలా ఆలస్యంగా వస్తుంది. ముందు పెద్దలు కట్టినవి బాగా పాడాలి అంటారు. ఇందులో మంచీ వుంది, కొంచెం లోటూ వుంది.

ఆంధ్రదేశంలో సంగీతం చదవాలంటే ప్రత్యేకంగా సంగీత కళాశాలలు వున్నాయి. వీటిలో పాతది విజయనగరంలోనిది. 1919లో విజయరామ గజపతి మహారాజు దాన్ని పెట్టించారు. రాజుగారి కొలువులోని ఒక వుద్యోగి కొడుక్కి చూపు లేదు. ఆ పిల్లవాడికి సంగీతం నేర్పించే దారి చూపమని తండ్రి అడిగితే, రాజుగారు ఏకంగా కాలేజీనే పెట్టారని చెబుతారు. హరికథ చెప్పటంలో పేరు మోసిన ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి ప్రిన్సిపాలు. వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడే పాఠం చెప్పారు. సినిమా పాటలు పాడిన పి. సుశీల ఆ కాలేజీలోనే చదువుకున్నారు.

కంబదూరు వాళ్లకు విజయనగరం చాలా దూరం. వీళ్లకు కర్నూలు, తిరుపతి దగ్గర. కర్నూలులో శారదా సంగీత కళాశాల ప్రభుత్వానిది. ఇలాంటి ప్రభుత్వ కళాశాలల్లో సర్టిఫికెట్ చదువు నాలుగేళ్లు. ఆ తర్వాత డిప్లొమా రెండేళ్లు. తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర సంగీత నృత్య కళాశాల వుంది. దాన్ని 1959లో తిరుమల తిరుపతి దేవస్థానం పెట్టింది. అక్కడ రోజంతా చదివేవాళ్లకు విశారద, దాని తర్వాత ప్రవీణ అనే చదువులు వున్నాయి. వేరే పని చేసుకునేవాళ్లకు సాయంత్రం తరగతులు కూడా వున్నాయి. గాత్రం, వీణ, వయొలిన్, వేణువు, మృదంగం, నాట్యం, హరికథ ఇవన్నీ నేర్పుతారు. గాత్రం అంటే గొంతుతో పాడటం. నాదస్వరం, డోలు నేర్పే పాఠశాల కూడా దేవస్థానానికి వుంది. తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వచ్చే విద్యలు ఇప్పుడు బడిలో దొరుకుతున్నాయి.

ఇంకా పై చదువు కావాలంటే తిరుపతిలోనే 1983లో పెట్టిన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో సంగీత శాఖ వుంది. కంబదూరుకు ఇంకా దగ్గరలో, పుట్టపర్తిలో కూడా ఒక సంగీత కళాశాల వుంది.

ఎవరిని చేర్చుకుంటారు, వయసు ఎంత వుండాలి, ఫీజు ఎంత, హాస్టలు వుందా అనేవి ఏడాదికి ఒక రకంగా మారుతుంటాయి. ఒకరు చెప్పిన మాట పట్టుకుని బస్సెక్కకూడదు. కాలేజీ ప్రకటన కాగితం తెప్పించుకుని ఇంట్లో ఎవరో ఒకరు చదవాలి. అమ్మ చదివితే ఇంకా మంచిది. దూరం వూరికి ఆడపిల్లను పంపేటప్పుడు హాస్టలు గదిని తల్లి కళ్లారా చూసి రావాలి.

చేర్చుకునే ముందు పిల్లల చేత పాడించి చూస్తారు. పెద్ద పాట రానక్కరలేదు. గురువు ఒక స్వరం పాడితే దాన్ని సరిగ్గా అందుకుంటున్నారా, తాళం తప్పకుండా వున్నారా అని చూస్తారు. మగపిల్లల విషయంలో ఒక జాగ్రత్త వుంది. 13, 14 ఏళ్ల వయసులో వాళ్ల గొంతు మారుతుంది. గొంతు పగిలినట్టు, బొంగురుగా వుంటుంది. అప్పుడు పై స్వరాలు గట్టిగా అరవకూడదు. కొన్ని నెలలు తగ్గు స్థాయిలో పాడుకోవాలి. "వీడి గొంతు పోయింది" అని మాన్పించేవాళ్లు వున్నారు. అది పోవటం కాదు, మారటం.

ఖర్చు సంగతి. గాత్రానికి వాయిద్యం కొననక్కరలేదు. తంబూరా కావాలి గాని ఇప్పుడు సెల్‌ఫోనులోనే శ్రుతి వినిపించే ఏర్పాటు వుంది. మృదంగం, వీణ అయితే డబ్బు పెట్టాలి. రెండూ పనస చెక్కతో చేస్తారు. మృదంగానికి చర్మం చెడిపోతే మళ్లీ మూత వేయించాలి. ఆ పని తెలిసినవాళ్లు అన్ని వూళ్లలో దొరకరు. అందుకని లేనివాళ్లు గాత్రంతో మొదలుపెట్టటం మేలు.

నాయన ప్రశ్న

అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 55 సెంటీమీటర్ల వాన పడుతుంది. అదీ పడాల్సినప్పుడు పడదు. శెనక్కాయ పంట పోతే అప్పు మిగులుతుంది. అలాంటి ఇంట్లో నాయన "కడుపు నిండుతాదా?" అని అడిగితే అతను సంగీతం మీద కోపంతో అడిగినట్టు కాదు. ఏళ్ల తరబడి పిల్లను చదివించి ఆమె చేతికి ఒక కాగితం మాత్రమే వస్తే ఎట్లా అని భయంతో అడుగుతున్నాడు. ఆ భయం తప్పని ఎవరూ అనలేరు.

ఘంటసాల వెంకటేశ్వరరావు కథ చాలామందికి తెలుసు. చిన్నప్పుడే తండ్రి పోయాడు. సంగీతం నేర్చుకోవాలని చేతి ఉంగరం అమ్ముకుని విజయనగరం వెళ్లాడు. వెళ్లేసరికి కాలేజీకి వేసవి సెలవులు. తిండి లేదు. పట్రాయని సీతారామశాస్త్రిగారు డబ్బు తీసుకోకుండా పాఠం చెప్పారు. ఘంటసాల జోలె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అన్నం అడుక్కుని చదువుకున్నాడు. తర్వాత ఎంత పెద్ద గాయకుడయ్యాడో లోకానికి తెలుసు. కాని ఈ కథ చూపించి "చూశారా, సంగీతం నేర్చుకుంటే పేరు వస్తుంది" అని చెప్పటం మోసం. అదే జోలె పట్టుకుని, పేరు రాకుండా పోయినవాళ్ల కథలు ఎవరూ రాయలేదు.

ఉన్నమాట చెప్పాలంటే, సంగీతం చదివినవాళ్లలో ఎక్కువమంది బతికేది పాఠాలు చెప్పుకునే. ఇంటి దగ్గర పది మంది పిల్లలకు నేర్పేవాళ్లు వున్నారు. ప్రైవేటు బళ్లలో సంగీతం టీచరుగా చేరేవాళ్లు వున్నారు. సర్కారు బళ్లలో సంగీతం టీచరు పోస్టులు బాగా తక్కువ. ఆకాశవాణిలో పాడాలంటే ఆడిషన్ అనే పరీక్ష పాసు కావాలి. కడపలో 1963 నుంచి ఆకాశవాణి కేంద్రం వుంది. అనంతపురంలో కూడా వుంది. ఆడిషన్ పాసైతే అప్పుడప్పుడు పాడటానికి పిలుస్తారు, డబ్బు ఇస్తారు. అది నెల జీతం కాదు. దేవస్థానం వాళ్ల అన్నమాచార్య ప్రాజెక్టు 1978లో మొదలైంది. దానివల్ల కొందరు గాయకులకు పని దొరికింది. పెళ్లిళ్లకు డోలు, నాదస్వరం వాయించేవాళ్లకు ముహూర్తాలున్న నెలల్లో చేతినిండా పని వుంటుంది. మూఢంలో వుండదు. పంట లాగే ఇదీ కాలాన్ని బట్టి వుంటుంది.

అందుకే రాళ్లపల్లివారి జీతం సంగతి గుర్తు పెట్టుకోమన్నది. సంగీతం కోసం ఇంటర్మీడియట్ మానాల్సిన పని లేదు. సాయంత్రం తరగతులున్న చోట పగలు మామూలు కాలేజీకి పోవచ్చు. నాలుగేళ్ల తర్వాత చేతిలో రెండు కాగితాలు వుంటాయి. ఒకటి అన్నం పెట్టకపోతే ఇంకొకటి పెట్టవచ్చు. కాని ఇది చాలా శ్రమ. పొద్దున్నే లేచి ఒక గంట సాధన చేయాలి. సాధన లేకుండా సంగీతం చదవటం అంటే ఒడ్డున కూర్చుని ఈత నేర్చుకోవటమే. "పరీక్షలున్నాయి, ఈ నెల వద్దులే" అని నెలల తరబడి ఆపేస్తే గొంతు మొదటికి వస్తుంది.

ఇంకొక దారి కూడా వుంది. వెంటనే ఏ కాలేజీకీ పంపలేని ఇల్లు వుంటే, ఒక ఏడాది దగ్గర్లో తెలిసినవాళ్ల దగ్గర నేర్పించి చూడవచ్చు. కళ్యాణదుర్గంలోనో అనంతపురంలోనో తెలిసినవాళ్లు ఎవరున్నారో వాకబు చేయాలి. ఏడాది అయ్యేసరికి పిల్లకు విసుగు వచ్చిందా, ఇష్టం పెరిగిందా అనేది నాయనకే తెలిసిపోతుంది. ఆ తర్వాత ఒప్పుకోవటం, కాదనటం రెండూ తేలికే.

అవ్వ పాట

మన అమ్మాయి ఆ ఏడాది నేర్చుకుందనుకుందాం. స్వరం రాయటం కొద్దిగా వచ్చింది. సెలవుల్లో ఇంటికి వచ్చింది. అవ్వ పాడే శెనక్కాయల పాట ఇప్పటిదాకా ఎవరూ రాయలేదు. అవ్వ తర్వాత ఆ పాట ఎవరికి వస్తుంది? రాగి రేకుల మీద మాటలైనా మిగిలాయి. దీనికి మాటలు కూడా మిగలవు.

అమ్మాయి నోటు పుస్తకం తీసుకుని అవ్వ పక్కన కూర్చుంటుంది. పై వరుసలో స్వరం రాస్తుంది. కింది వరుసలో మాట రాస్తుంది. అక్షరాస్యత తరగతికి పోయి వచ్చిన అమ్మ ఆ మాటలు కూడబలుక్కుని చదువుతుంది. పాట అయ్యాక అమ్మాయి తాను రాసింది చూసి పాడి వినిపిస్తుంది. అవ్వ చాటలో చెయ్యి ఆపి వింటుంది.

"అంతా బాగానే వుంది గాని, ఆ రెండో సోట నువ్వు దీర్ఘం తక్కువ పెట్టినావు. ఇంకొంచెం లాగల్ల" అంటుంది.

అమ్మాయి 'రీ' పక్కన ఒక కామా పెడుతుంది.